రోబో: సామాన్య యంత్రముతో దానికిఁ గల భేదము

మార్చుటకు వీలైన ఆదేశక్రమమును తనయందు నిలుపుకొని, దాని ననుసరించి, కొంత స్వతంత్రతతో బహువిధ చలనములను తానే నిర్వహించుకొను యంత్రము రోబో. సామాన్య యంత్రము మానవబలమును ఇనుమడింపఁజేయును. పనిని మార్చుకొను శక్తి దానికి లేదు. మనుష్యాకారము రోబోకు ఆవశ్యకము కాదు.

కృష్ణా డెల్టాలోని బియ్యపు మిల్లులయందు ఈ తారతమ్యము చక్కఁగా గోచరించును. పొట్టు తీయు రబ్బరు రోలర్లు వడ్లు పడినను పడకున్నను ఒకే రీతిఁ దిరుగుచుండును. సార్టెక్స్ యంత్రమో, జారిపడు గింజలను కెమెరాలతోఁ బరీక్షించి, రంగు మాఱినవానిని తత్‌క్షణమే గాలిపోటుతో వేరుపఱచును. గ్రహణము, నిర్ణయము, క్రియ మూడును ఇందుఁ గలవు. అయినను ఏరుట యను ఒక్క కార్యమునకే బద్ధమగుటచే ఇది రోబో కాదు, స్వయంచాలక యంత్రము. ఆంధ్రప్రదేశ్ ట్రాన్స్‌కోవారి సబ్‌స్టేషన్లలో, విద్యుత్ప్రవాహము మితిమీఱఁగనే సర్క్యూట్ బ్రేకరును తెఱపించు రక్షక రిలేయు ఈ కోవలోనిదే.

ఐఎస్‌ఓ 8373 ప్రమాణము ననుసరించి, పారిశ్రామిక రోబో మూఁడు లేక అంతకు మించిన అక్షములపైఁ జలింపఁగలదియు, ఆదేశములు మార్చుటకు వీలైనదియు, బహుకార్యసమర్థమును కావలెను. 1961లో న్యూజెర్సీయందలి జనరల్ మోటార్స్ కర్మాగారమునఁ బ్రవేశించిన యూనిమేట్ అను యంత్రహస్తము తొలి పారిశ్రామిక రోబో. దానికి చూపు లేదు. అయినను అయస్కాంత డ్రమ్ముపైని ఆదేశములను మార్చి, ఆ హస్తమునే క్రొత్త పనికి నియోగింపవచ్చును.

కావున మానవప్రమేయము లేకుండ నడచుట మాత్రమే రోబో లక్షణము కాదు. కార్యము మాఱినపుడు నిర్మాణమును మార్పక, ఆదేశమును మాత్రమే మార్చి ఉపయోగింపఁగలుగుటయే దాని విశిష్టత.