క్యాంప్ 2లో ఫారం సోలా

జీతంలోంచి ముందే కోసుకున్న పన్నుకు లెక్క చెప్పే కాగితం ఫారం 16. జూన్ 15లోగా దాన్ని ఉద్యోగి చేతికివ్వాలన్నది నిబంధన. ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి క్యాంప్ 2 తెలుగువాళ్ళ నోట అది పదహారు కాదు. "ఫారం సోలా వచ్చీసిందేటి మామా?" అనే పలకరింపే వినిపిస్తుంది. మాట శ్రీకాకుళానిది, అంకె హిందీది. స్టీల్ ప్లాంటు రెగ్యులర్ ఉద్యోగికి ఏటా వచ్చే ఆ కాగితం, గోడవతల ఇంట్లో ఉండే ఠేకేదారు (కాంట్రాక్టరు) కూలీకి రాదు. క్యాంపు చరిత్రలో పర్మనెంటు వాడెవడు, కానివాడెవడు అన్న గీతను ఇంత నిక్కచ్చిగా చూపే కాగితం మరొకటి లేదని నాకనిపిస్తుంది.

ఆదాయపు పన్ను మాత్రం క్యాంపు కంటే చాలా పాతది. 1857 తిరుగుబాటును అణచడానికి అయిన ఖర్చు పూడ్చుకోవాలని, 1860లో బ్రిటిష్ ప్రభుత్వ ఆర్థిక సభ్యుడు జేమ్స్ విల్సన్ కలకత్తాలో ఈ పన్నును ప్రతిపాదించాడు. ఏడాదికి 200 రూపాయలు దాటిన ఆదాయాలు దాని కిందికి వచ్చాయి. ఇవాళ భిలాయిలో ఉన్న చాలా తెలుగు కుటుంబాల తాతముత్తాతలు అప్పుడు గంజాం, విశాఖపట్నం జిల్లాల్లో, అంటే మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవారు. ఆ మద్రాసు గవర్నరు చార్లెస్ ట్రెవెలియనే ఈ పన్నును బాహాటంగా ఎదిరించాడు. ముందు ఖర్చు తగ్గించుకోండి, కొత్త పన్నులు వద్దని రాసిన తన అభ్యంతర పత్రాన్ని పత్రికలకెక్కించాడు. పై అధికారులతో పోట్లాడే పద్ధతి ఇది కాదని లండన్ ఆయనను వెనక్కి పిలిచేసింది. విల్సన్ ఆ తర్వాత ఎన్నాళ్ళో బతకలేదు. జులై 24న చట్టం వస్తే, ఆగస్టు 11న విరేచనాల జబ్బుతో కలకత్తాలోనే పోయాడు. 1863లో ట్రెవెలియన్ ఆర్థిక సభ్యుడిగా కలకత్తాకే తిరిగొచ్చాడు. 1865లో ఆ పన్ను గడువు తీరితే దాన్ని పొడిగించలేదు. పంతం నెగ్గించుకున్న మనిషి!

1886లో పన్ను మళ్ళీ వచ్చింది, వ్యవసాయ ఆదాయాన్ని మాత్రం వదిలేసింది. ఆ మినహాయింపు ఇప్పటికీ ఉంది. ఊళ్ళో రెండెకరాలు కొనుక్కున్న భిలాయి ఉద్యోగికి ఇది అక్కరకొచ్చే సంగతే గానీ, అందులో చిన్న మెలిక ఉంది. వ్యవసాయం మీద వచ్చింది 5,000 రూపాయలు దాటితే 'సహజ్' అని పిలిచే తేలిక ఫారం, ఐటీఆర్-1, పనికిరాదు. పలాస పక్కన జీడితోట కౌలు ఆ అంకెను ఇట్టే దాటేస్తుంది. పన్ను ఉన్నా లేకున్నా పెద్ద ఫారం నింపాల్సిందే.

1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో భిలాయి ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ప్లాంటు కట్టడానికి వచ్చిన కూలీల కోసం వేసిన బస్తీలే ఈ క్యాంపులు. సెక్టార్ల క్వార్టర్లు రైలు పట్టాలకు ఒక పక్క, క్యాంపులు మరో పక్క. మధ్యలో పవర్‌హౌస్ స్టేషను. ప్లాంటు కడుతున్న ఆ రోజుల్లోనే, 1957 బడ్జెట్లో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి పన్ను మినహాయింపు పరిమితిని 4,200 నుంచి 3,000కు దించారు. అంటే నెలకు 250. మట్టి తట్టలు మోసిన రేజాలకు (ఆడకూలీలకు), ఇనుప చువ్వలు వంచిన కూలీలకు అదీ ఆమడ దూరమే. పన్నుతో వాళ్ళకు పనిలేదు, పన్నుకు వాళ్ళతో పనిలేదు.

పని పడింది ఆ తర్వాతి తరంలో. ప్లాంటులో పర్మనెంటు అయినవాళ్ళ జీతాలు వేతన ఒప్పందాలతో మెట్టుమెట్టుగా పెరిగాయి. 1985లో వి.పి. సింగ్ పరిమితిని 18,000 చేశారు, 1997లో చిదంబరం శ్లాబులను 10, 20, 30 శాతాలకు సర్దారు. అయినా జీతగాడికి ఈ మార్పులన్నీ పే స్లిప్పులోని ఒక గడిలోనే కనిపించేవి. పన్ను కంపెనీయే కోసి కట్టేస్తుంది. జనవరి, ఫిబ్రవరి వచ్చాయంటే ఎల్ఐసీ రశీదులు, పోస్టాఫీసు ఎన్ఎస్‌సీలు వెతుక్కోవడమే మిగిలిన పని.

చిక్కంతా అరియర్స్‌తో వచ్చింది. వేతన ఒప్పందం ఆలస్యమవుతుంది, కుదిరాక పాత తేదీ నుంచి లెక్కగట్టిన బకాయి ఒక్కసారే వచ్చి పడుతుంది. ఏళ్ళ తరబడి చేసిన పనికి వచ్చిన డబ్బు ఒకే ఏటి ఆదాయంలా కనిపించి, మనిషిని పై శ్లాబులోకి తోస్తుంది. దీనికి విరుగుడు 1961 చట్టంలోని సెక్షన్ 89. బకాయి కలిపితే ఈ ఏడు ఎంత పన్ను, కలపకపోతే ఎంత అని చూడాలి. తేడా 40,000 అనుకుందాం. అదే బకాయిని ఏ ఏడాదిది ఆ ఏడాదికి పంచి, అప్పటి రేట్లతో లెక్కిస్తే 22,000 మాత్రమే పెరిగేదనుకుందాం. మిగతా 18,000 మాఫీ. అంకగణితం ఇంతే. కానీ పాత ఏళ్ళ ఆదాయం అంకెలన్నీ చేతిలో ఉండాలి. పాత ఫారం సోలాలు ట్రంకుపెట్టెలో దాచుకున్నవాళ్ళు గట్టెక్కుతారు. రిటర్ను కంటే ముందు ఫారం 10ఈ ఆన్‌లైన్లో వేయాలి. అది మరిచి రిటర్నులో మాత్రం మాఫీ చూపిస్తే ఆ మొత్తానికి డిమాండు నోటీసు వస్తుంది.

ఆన్‌లైన్ రాకముందు రిటర్నును స్థానిక ఆఫీసు కౌంటర్లో ఇచ్చి, రశీదు మీద ముద్ర వేయించుకునేవారు. 2009లో బెంగళూరులో కేంద్రీయ ప్రాసెసింగ్ సెంటరు వచ్చాక, ఛత్తీస్‌గఢ్ కార్మికుడి లెక్కా ఎలక్ట్రానిక్ సిటీకే పోయింది. అప్పట్లో సంతకం చేసిన ఒక్క పేజీ రశీదు ఐటీఆర్-వి మామూలు పోస్టులోనో స్పీడ్‌పోస్టులోనో పంపాల్సి వచ్చేది, కొరియర్ చెల్లేది కాదు. 2015 నుంచి ఆధార్ ఓటీపీతోనే సరిపోతోంది. లెక్క తేలాక మెయిల్లో వచ్చే పీడీఎఫ్‌కు తాళం ఉంటుంది: పాన్ నంబరు చిన్న అక్షరాల్లో, వెంటనే పుట్టిన తేదీ. స్కూలు సర్టిఫికెట్లో మాస్టారు తోచింది వేసిన తేదీయే ఆ తాళంచెవి అయినవాళ్ళు క్యాంపులో తక్కువేం కాదు.

పేర్లతో మరో తంటా. పాన్ నంబరులో నాలుగో అక్షరం 'పి' అంటే వ్యక్తి, ఐదో అక్షరం ఇంటిపేరు మొదటి అక్షరం. గేదెల సూర్యనారాయణ అనే మనిషిని ఊహించుకోండి. మనవాడికి ఇంటిపేరు ముందుంటుంది. ఆఖరి మాటనే ఇంటిపేరుగా తీసుకునే చోట దరఖాస్తు నింపితే ఆయనకు 'ఎస్' పడుతుంది. కొడుకు తెలిసి నింపుకుంటే 'జి'. పోనీ పొడి అక్షరాలు రాద్దామంటే పాన్ దరఖాస్తు ఒప్పుకోదు. తండ్రీకొడుకులు ప్రభుత్వం లెక్కలో వేర్వేరు ఇంటిపేర్ల వాళ్ళు.

ఇక గోడవతల మనిషి. ఠేకేదారు కూలీకి పన్ను పడేంత ఆదాయం లేదు కాబట్టి రిటర్ను అక్కర్లేదు. అయినా కొందరు వేస్తారు. కొడుకు చదువుకో, ఆటో కొనడానికో బ్యాంకుకు వెళ్తే రెండు మూడేళ్ళ ఐటీఆర్ అడుగుతారు మరి. పన్ను సున్నా అని చూపే ఆ రశీదే ఆదాయం ఉందనడానికి రుజువు. వసూలు కోసం పుట్టిన కాగితం ఇలా పూచీకత్తుగా మారుతుందని విల్సన్ ఊహించి ఉండడు.

1961 చట్టం స్థానంలో 2025లో చేసిన కొత్తది 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. మునుపటి సంవత్సరం, మదింపు సంవత్సరం అనే గందరగోళం పోయి ఒకే 'పన్ను సంవత్సరం' మిగిలింది. అంత మేలే.

ఏ చట్టమైనా చనిపోయినవాడి ఆఖరి రిటర్నును వారసులు వేయాల్సిందే. ప్లాంటులో పనిచేసిన భర్త పోతే, ఆయన పోయిన రోజు దాకా వచ్చిన ఆదాయానికి భార్య పోర్టల్లో చట్టబద్ధ వారసురాలిగా నమోదై లెక్క చూపాలి. మరణ ధ్రువపత్రం, ఇద్దరి పాన్ కార్డులు, వారసత్వ రుజువు జతచేయాలి. కోసిన పన్నులో తిరిగి రావాల్సింది ఉంటే అప్పుడే వస్తుంది. ఆ తర్వాత ఆమెకొచ్చే ఫ్యామిలీ పెన్షన్ జీతం కిందికి రాదు, 'ఇతర ఆదాయం' గడిలో వేయాలి. దానికి ఫారం సోలాతో పనిలేదు.