మూడో సిలిండర్

భోగికి ముందు రాత్రి. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే దారిలో కొర్లపహాడ్ టోల్ గేటు దగ్గర కార్లు కదలడమే గగనంగా ఉంది. ఆ వరసలో ఒక తెల్ల పెట్రోలు కారు. ముందు సీట్లలో భార్యాభర్తలు, వెనక ఆయన తల్లి, ఆవిడ ఒళ్లో తలపెట్టి నిద్రపోతున్న పిల్లాడు.

గేటు దాటాక ఆయన యాక్సిలరేటర్ తొక్కాడు. బండికి ఊపు రాకపోగా ఒళ్లంతా వణికింది. మీటర్లో ఇంజిన్ బొమ్మ పసుపు లైటు వెలిగింది. వెలిగి ఊరుకోలేదు, మిణుకు మిణుకుమంటూ కొట్టుకోసాగింది.

"ఏంట్రా, బండి ఇట్టా కుదుపుతోంది?"

"ఏం లేదమ్మా, ట్రాఫిక్‌లో వేడెక్కినట్టుంది."

టెంపరేచర్ ముల్లు మామూలు చోటే ఉంది. అది ఆయనకీ కనిపిస్తూనే ఉంది.

పక్కకి ఆపి, నందిగామలో ఉన్న బావకి ఫోన్ చేశాడు. బావ అక్కడి నుంచే తేల్చేశాడు. "పెట్రోల్లో నీళ్లు కలిసుంటాయి బావా. బ్యాటరీ టెర్మినల్ కాసేపు ఊడదీసి మళ్లీ తగిలించు, లైటు అదే పోద్ది. వచ్చెయ్."

ఇలాంటి బావలు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. బ్యాటరీ తీస్తే చాలా కార్లలో లైటు పోయే మాట నిజమే. ఇంజిన్ కంప్యూటర్ రాసిపెట్టుకున్న ఫిర్యాదు కూడా దాంతోపాటే చెరిగిపోతుంది. జబ్బు మాత్రం ఎక్కడికీ పోదు. అదృష్టం కొద్దీ ఆయన డిక్కీలో పది నంబర్ స్పానర్ లేదు.

సూర్యాపేట దాకా మెల్లగా ఈడ్చుకొచ్చాడు. నిజానికి అదీ చేయకూడని పనే. నాలుగు సిలిండర్ల ఇంజిన్లో క్రాంక్ షాఫ్ట్ అర చుట్టు తిరిగినప్పుడల్లా ఒక సిలిండర్ ఫైర్ కావాలి. ఒకటి ఎగ్గొడితే ఆ అర చుట్టులో షాఫ్ట్ కాస్త మందగిస్తుంది. షాఫ్ట్‌తో పాటు తిరిగే పళ్ల చక్రాన్ని ఒక సెన్సర్ కనిపెట్టి చూస్తుంటుంది. ఎక్కడ ఆలస్యమైందన్న దాన్ని బట్టి ఎగ్గొట్టిన సిలిండర్ ఏదో కంప్యూటర్ లెక్కకడుతుంది. మండకుండా మిగిలిన పెట్రోలు సైలెన్సర్ దారి పట్టి, మధ్యలో ఉన్న క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది. అక్కడి సన్నని పింగాణీ గదులు కరిగిపోయేంత వేడి పుట్టవచ్చు. లైటు నిలకడగా వెలగక మిణుకుమనేది ఆ ప్రమాదం చెప్పడానికే. కొత్త కన్వర్టర్ ధర వింటే అంతకు ముందు పెట్టిన ఖర్చులన్నీ చిల్లరగా తోస్తాయి.

ఊళ్లో ఒక షెడ్డు తెరిచే ఉంది. కుర్ర మెకానిక్ అప్పుడే షట్టర్ దించబోతున్నాడు.

"నాలుగు కాయిల్సూ, నాలుగు ప్లగ్గులూ మార్చెయ్ తమ్ముడూ. డబ్బు సంగతి చూడకు, త్వరగా ఇల్లు చేరాలి."

"మంచిగున్నవి తీసి కొత్తవి ఏసుడెందుకు సార్? ముందుగాల అదేమంటదో చూద్దాం."

స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్ ఉంటుంది. దానికి స్కానర్ తగిలించాడు. తెర మీద పి0303 అని పడింది.

ఈ లైటు మన సుఖం కోరి పుట్టింది కాదు, పొగ మీద కోపంతో పుట్టింది. లాస్ ఏంజెలెస్ గాలి చూసి విసిగిపోయిన కాలిఫోర్నియా, 1988 మోడల్ కార్ల నుంచి ఇంజిన్ తన తప్పు తానే చెప్పాలని నిబంధన పెట్టింది. 1996 నుంచి అమెరికా అంతటా కార్లకు ఒకే రకం సాకెట్, ఒకే రకం కోడ్ వచ్చాయి. ఆ పద్ధతి మన దేశంలో 2013 నుంచి తప్పనిసరి అయింది. అందుకే కాలిఫోర్నియాలో పి0303 అంటే ఏమిటో సూర్యాపేటలోనూ అదే: మూడో సిలిండర్ మిస్సవుతోంది.

"అయితే మూడో కాయిల్ పోయినట్టేగా?"

"ఏ ఇల్లో చెప్పింది సార్. ఆ ఇంట్ల రోగం ఎవరికో చెప్పలే."

మూడో కాయిల్‌ని ఒకటో సిలిండర్‌కీ, ఒకటోదాన్ని మూడోదానికీ మార్చి బిగించాడు. కోడ్ చెరిపి స్టార్ట్ చేశాడు. తప్పు కాయిల్‌దైతే ఇప్పుడు పి0301 రావాలి. కాసేపటికి తెర మీద మళ్లీ పి0303. ప్లగ్గులు అటూ ఇటూ మార్చాడు. అదే కోడ్. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజెక్టర్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. టిక్, టిక్, టిక్. నాలుగూ ఒకే తీరున కొట్టుకుంటున్నాయి. మూడోదాని కాయిల్ తీసి విడి ప్లగ్గు తగిలించి, బాడీకి ఆనించి చూస్తే రవ్వ లేదు.

పెట్రోలు వెళ్తోంది, కాయిల్ మంచిదే, ప్లగ్గు మంచిదే. మిగిలింది వైరు.

టార్చి వేసి కాయిల్ దగ్గర్నుంచి వైర్లను తడుముకుంటూ ఇంజిన్ వెనక మడత దాకా వెళ్లాడు. నల్ల తొడుగు అక్కడ చిరిగి ఉంది. కాయిల్‌కి సిగ్నల్ తెచ్చే తీగ తెగి వేలాడుతోంది. బండి బయల్దేరినప్పుడు మిగిలిన రెండు మూడు పోగులే పని కానిచ్చాయి. కుదుపులకు అవీ వదిలేశాయి. పక్కనే గోనె పీచు, ప్లాస్టిక్ ముక్కలతో కట్టుకున్న ఎలుక గూడు.

"శానా దినాలు కదలకుండ పెట్టిన్రా సార్?"

"సెల్లార్‌లోనే ఉంటుంది తమ్ముడూ. ఆఫీసుకి మెట్రోలో వెళ్తాను."

కొరికిన ముక్క కోసేసి, కొత్త తీగ కలిపి సోల్డర్ పెట్టాడు. పైన ట్యూబ్ తొడిగి వేడిచేసి బిగించాడు. ఇంజిన్ సాఫీగా అందుకుంది. కుర్రాడు అంతటితో వదల్లేదు. స్కానర్ తగిలించే ఉంచి హైవే మీద ఒక రౌండు కొట్టొచ్చాడు. కోడ్ మళ్లీ రాలేదు. కాయిల్ గానీ ప్లగ్గు గానీ ఒక్కటీ మారలేదు. బిల్లులో ఉన్నది చేతి కూలి, తీగ ముక్క ఖర్చు మాత్రమే.

మీ బండిలో ఆ లైటు నిలకడగా వెలిగితే నెమ్మదిగా మెకానిక్ దగ్గరికి వెళ్లండి. మిణుకుమంటే పక్కకి తీసి ఇంజిన్ ఆపేయండి, దగ్గర్లోని మెకానిక్‌ని పిలిపించుకోండి. ఏ సామాను మార్చినా, మార్చకముందు వచ్చిన కోడ్ నంబరు బిల్లు మీద రాయించుకోండి. రాయనన్న షెడ్డులో బండి వదలకండి.