యూదుల కానుకలు : చరిత్రయు, మర్యాదయు

స్వస్థలమును వీడి పరభాషాప్రాంతములందు స్థిరపడిన జనులు తమ ఆచారములను నిలువబెట్టుకొనుటకు అవలంబించిన మార్గములు పెక్కులు. దేవాలయము, బడి, ఇంటిభాష, వివాహసంబంధములు అను నాలుగింటిని గూర్చి చరిత్రకారులు విరివిగ వ్రాసియున్నారు. పండుగలందును శుభకార్యములందును ఇచ్చిపుచ్చుకొను కానుకలను గూర్చి వ్రాసినవారు తక్కువ. సారె, వాయనము, పసుపుకుంకుమలు, చదివింపులు మొదలైనవి తెలుగువారు ఏ ప్రాంతమున కేగినను వెంట గొనిపోయిన మర్యాదలు. ఇట్టి మర్యాదలకే శాస్త్రమును గల్పించుకొని, దానిని దేశదేశములందు శతాబ్దముల తరబడి పాటించిన జాతి యూదజాతి. వారి కానుకల చరిత్ర మంగళూరును, చెన్నపట్టణమును, బొంబాయిని గూడ స్పృశించుచున్నది.

క్రీ. శ. 70వ సంవత్సరమున రోమను సైన్యములు యెరూషలేము దేవాలయమును నేలమట్టము గావించెను. అంతకు బూర్వమే బాబిలోనియా, ఐగుప్తు మొదలైన దేశములందు యూదులు నివసించుచుండిరి. ఆ పిమ్మట వారు మఱింత చెదరిపోయిరి. దేవాలయమున జరుగవలసిన బలులు నిలిచిపోగా, పూర్వము బలిపీఠముచే గలిగెడి పాపశాంతి ఇక భోజనపు బల్లచే గలుగునని వారి పండితులు బోధించిరి. ఇల్లే దేవాలయమైనది, ఇంటి పాత్రలే పూజాద్రవ్యము లైనవి. కావుననే యూదుల కానుకలలో పెక్కు ఇంట జరుగు ఏదో యొక విధికి పనికివచ్చు వస్తువులై యున్నవి. వారి గ్రంథములను పరిశీలించినచో కానుక నెన్నుకొనువాడు వేసికొనవలసిన ప్రశ్నలు రెండు తేలుచున్నవి. ఈ వస్తువు ఏ కార్యమునకు ఉపకరించును? దీనివలన ఎవరైన సిగ్గుపడవలసి వచ్చునా?

పూరీము పండుగ

కానుకలు పంపుట స్పష్టముగ విధింపబడిన పండుగ పూరీము. పారశీక రాజ్యమున హామాను అను మంత్రి యూదులను నిర్మూలింప దలపెట్టగా, ఎస్తేరు రాణియు, మొర్దెకైయు ఆ యాపదను తప్పించిరని ఎస్తేరు గ్రంథము చెప్పుచున్నది. ఆ దినమున ఒకరికొకరు భోజ్యభాగములు పంపుకొనవలెననియు, బీదలకు దానము చేయవలెననియు ఆ గ్రంథమే శాసించినది. తల్మూదు పండితులు దీనిని మఱింత నిర్దిష్ట మొనర్చిరి. మిత్రు డొకనికి రెండు విధములైన తినుబండారములు, బీదలు ఇద్దరికి ఒక్కొక్క దానము - ఇది కనీసపు విధి.

ఈ సందర్భమున బాబిలోనియా తల్మూదునందు రమ్యమైన వృత్తాంత మొకటి కలదు. రబ్బా అను పండితుడు మారీ బార్ మార్ అను వానికి అబాయే చేతికిచ్చి సంచెడు ఖర్జూరములను, గిన్నెడు వేపుడు పిండిని పంపెను. పల్లెటూరివాడు రాజైనను మెడనున్న బుట్టను దింపడని మారీ నవ్వునేమో యని అబాయే సందేహించెను. మారీ ప్రతిగా సంచెడు అల్లమును, గిన్నెడు పిప్పళ్ళను పంపెను. నేను తీపి పంపగా అతడు కారము పంపెనే యని రబ్బా యనునని అబాయే మరల చమత్కరించెను. పిప్పలి భారతదేశపు సరకు. సంస్కృత పిప్పలీశబ్దమే రూపాంతరములతో పశ్చిమ దేశములకు బోయినదని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆనాటి పూరీము పళ్ళెమున మన దేశపు కారము గూడ చోటు సంపాదించుకొన్నది.

ఆ గ్రంథమునందే మఱియొక వృత్తాంతము. అబాయే బార్ అవీన్, హనీనా బార్ అవీన్ అను ఇరువురు తమ తమ భోజనములనే ఒకరి కొకరు మార్చుకొనుచుండిరట. పంపుటకు వేరే యేమియు లేనివాడు గూడ తన యన్నమునే కానుకగా పంపి విధిని నెరవేర్చవచ్చు నని దీనిచే తెలియుచున్నది. పండ్రెండవ శతాబ్దపు ధర్మశాస్త్రకర్త మైమోనిడీసు ఇంకొక యడుగు ముందునకు వేసెను. విందునకును, మిత్రులకు పంపు కానుకలకును వెచ్చించుటకంటె బీదలకు అధికముగా ఇచ్చుట మేలని అతడు నిర్ణయించెను.

సిగ్గుపఱుపని దానము

మృతుల యింటికి భోజనము పంపుట యూదులలో ప్రాచీనాచారము. పూర్వము ధనికుల యింటికి వెండి బంగారు పళ్ళెములలోను, బీదల యింటికి చెక్కు తీసిన వెదుళ్ళవంటి సన్నని కొమ్మలతో నల్లిన బుట్టలలోను పంపుచుండిరి. బీదలు దానికి సిగ్గుపడిరి. అందుచే ఎల్లరకును ఆ బుట్టలలోనే పంపవలెనని పండితులు కట్టడి చేసిరని తల్మూదు చెప్పుచున్నది. బీదలకు వెండిపళ్ళెము లిమ్మని వారు శాసింపలేదు. ధనికుని బుట్టకు దింపిరి. ఇట్టిదే మఱియొక యాచారము మిష్నాయందు గలదు. యెరూషలేము కన్యలు ద్రాక్షతోటలకు నృత్యమునకు బోవునపుడు అందరును ఎరువు దెచ్చుకొన్న తెల్లని వస్త్రములనే ధరింతురు. వస్త్రములేని పిల్ల సిగ్గుపడకుండుటకే ఈ యేర్పాటు.

మైమోనిడీసు దానమును ఎనిమిది మెట్లుగా విభజించెను. దాతకు గ్రహీతయు, గ్రహీతకు దాతయు తెలియని దానము పైనుండి రెండవ మెట్టు. ఎవనినైనను భాగస్వామిగా జేర్చుకొనియో, పని చూపించియో, అప్పిచ్చియో యాచింప నక్కఱలేకుండ జేయుట యన్నింటికంటె పైమెట్టు. వివాహములందు దాత పేరును, మొత్తమును పైకి జదువు ఆచారము గల తెలుగువారికి ఈ విభజన ఆలోచింపదగినదే.

విధికి శోభ గూర్చు వస్తువులు

కానుక ఆడంబరముగ నుండరాదన్నంత మాత్రమున అందముగ నుండరాదని కాదు. విధిని సుందరముగ నిర్వర్తింపవలెనని తల్మూదు ఆదేశించినది. అయితే ఆ సౌందర్యమునకై మూడవవంతు మాత్రమే అధికముగ వెచ్చింపవచ్చునని హద్దు నేర్పఱచినది. విశ్రాంతి దినారంభమున వెలిగించు దీపస్తంభములు, ద్రాక్షారస మందించు వెండిగిన్నె, ఆ దినము ముగియునపుడు వాసన జూచుటకు లవంగాదులను నింపు చిన్న భరిణ - ఇవి తరతరములుగ గృహప్రవేశములకును, వివాహములకును ఇచ్చిన కానుకలు. వారము వారము వాడబడుటయే వీని విలువ.

పర్ణశాలల పండుగ మొదటి దినమున మాదీఫలమును, ఖర్జూరపు మొవ్వను చేతబట్టి స్తుతింపవలెను. అవి స్తుతించువాని స్వంతములై యుండవలెను. ఒకప్పుడు ఓడలో పోవుచున్న నలుగురు పండితులలో గమలీయేలునకు మాత్రమే మొవ్వ యుండెను. దానిని అతడు వేయి జూజ్‌ల నాణెములకు కొనెనట. తన విధిని ముగించి అతడు దానిని యెహోషువకు కానుకగా నిచ్చెను. యెహోషువ ఎలియాజరు బెన్ అజర్యాకును, అతడు అకీవాకును ఇచ్చిరి; అకీవా తిరిగి గమలీయేలునకే ఇచ్చెను. తిరిగి యిచ్చు నియమముతో నిచ్చినను కానుక కానుకయే యని దీనినుండి శాస్త్రము పుట్టినది. ఒక్క వస్తువు నలువురి విధిని నెరవేర్చినది.

వివాహపు ఉంగరము

వధువును స్వీకరించు ద్రవ్యము ఎంత విలువ గలదై యుండవలెనను ప్రశ్నపై ప్రాచీనకాలముననే చర్చ జరిగినది. షమ్మాయి శాఖవారు ఒక వెండి దీనార మనిరి. హిల్లేలు శాఖవారు మిక్కిలి చిన్న రాగినాణెమైన పెరూతా చాలుననిరి. హిల్లేలు మతమే నిలిచినది. తరువాతి కాలమున ఉంగరము వాడుకలోనికి వచ్చెను. ఆ యుంగరమున రాయి పొదుగరాదని ఆచార మేర్పడెను. రాతి విలువ అందరకును తెలియదు. తక్కువ విలువ గలదానిని ఎక్కువయని వధువు భ్రమించినచో ఆమె సమ్మతికి లోపము వచ్చును. ఉంగరముతోపాటు భర్త బాధ్యతలను వివరించు కెతూబా అను పత్రము ఆమె కీయబడును. పదునేడు, పదునెనిమిది శతాబ్దములలో ఇటలీ యూదులు ఈ పత్రములను రంగుల చిత్రములతో నలంకరించిరి.

ఈ నియమమును తెలుగుదేశ చరిత్రతో గలిపి చూచిన నొక విచిత్రము గోచరించును. పదునేడవ శతాబ్దాంతమున లండను నగరపు యూదవర్తకులు కొందఱు చెన్నపట్టణమున నివాస మేర్పఱచుకొని గోలకొండ వజ్రముల వర్తకము సాగించిరి. 1688లో ప్రారంభమైన చెన్నపట్టణ నగరసభలో యూదవర్తకులు గూడ సభ్యులై యుండిరి. నేటి పల్నాడు జిల్లాలోని కొల్లూరు మొదలైన కృష్ణాతీరపు గనులనుండి వజ్రములు పడమటికి బోవ, వానికి బదులుగ మధ్యధరా సముద్రపు పగడములు ఇటు వచ్చుచుండెను. ఇటలీలోని లివోర్నో రేవు యూదులు ఆ పగడపు వ్యాపారమున ప్రముఖులు. తెలుగునాట పెక్కు కుటుంబముల మంగళసూత్రములందు పగడములు గ్రుచ్చుకొను ఆచారము గలదు. ఒక జాతి పెండ్లికి పగడము శుభకరము. ఆ పగడమును దెచ్చి వజ్రమును గొనిపోయిన జాతి తన పెండ్లి ఉంగరమున మాత్రము వజ్రమును పొదుగలేదు.

పొత్తిగుడ్డనుండి పదుమూడవ యేటికి

జర్మనీ యూదులలో విమ్పెల్ అను కానుక యుండెను. మగశిశువునకు ఎనిమిదవ దినమున సున్నతి జరుగును. అప్పు డతనిని చుట్టిన వస్త్రమును పేలికలుగ కోసి, పొడవైన పట్టీగ కుట్టి, దానిపై శిశువు పేరును, తండ్రి పేరును, జన్మదినమును దారముతో కుట్టియో, రంగుతో వ్రాసియో, అతడు ధర్మశాస్త్రము నభ్యసించి, వివాహమాడి, సత్కార్యములు చేయవలెనను ఆశీస్సును చేర్చుదురు. బిడ్డ కొంత పెరిగినపిమ్మట సమాజమందిరమునకు గొనిపోయి గ్రంథపు చుట్టకు కట్టుటకై దానిని సమర్పింతురు. పదుమూడవ యేట బార్ మిట్స్వా నాడు బాలుడు మొదటిసారి గ్రంథపఠనమున కేగినపుడు ఆ పట్టీయే చుట్టకు గట్టబడి యుండును. వెల లేని పాతగుడ్డ జీవితచరిత్రకు తొలిపుట యైనది. 1933 తరువాత నాజీ ప్రభుత్వము జర్మనీ యూదులను హింసించి, 1941 నుండి 1945 వఱకు సామూహికముగ వధించినది. ఊళ్ళకు ఊళ్ళే లేకుండ బోయినచోట మ్యూజియములందు మిగిలిన విమ్పెల్ పట్టీలు అచ్చట పుట్టిన బిడ్డల పేళ్ళను నేటికిని చెప్పుచున్నవి.

బార్ మిట్స్వాకు గ్రంథము లిచ్చుట సంప్రదాయము. ధనమీయ దలచినచో పదునెనిమిది లేక దాని గుణిజముల నిత్తురు. జీవమను అర్థమిచ్చు హీబ్రూ పదమునందలి అక్షరముల సంఖ్య పదునెనిమిది. నూటపదహార్లు చదివించు తెలుగువారికి ఈ లెక్క వింతగ దోచదు.

భారతదేశమున

పండ్రెండవ శతాబ్దమున ట్యునీషియాకు జెందిన అబ్రాహాము బెన్ యిజూ అను యూదవర్తకుడు 1132 ప్రాంతమున మంగళూరు చేరి, నడుమ కొంతకాలము మినహా 1149 వఱకు మలబారు తీరమున నివసించెను. కంచు పాత్రల కార్ఖానా నడపెను. ఏడెను మిత్రు లతనికి వ్రాసిన యుత్తరములు కైరో సమాజమందిరపు పాతకాగితములలో దొరకినవి. సరకుల లెక్కల చివర, లెక్కలోనికి రాని చిన్న కానుకలు వేరుగ పేర్కొనబడినవి: చక్కెర, ఎండుద్రాక్ష, కాగితము. వ్రాతకు తాటాకే వాడుకలో నున్న దేశమున కాగితమే అతనికి మిక్కిలి యవసరము. మిత్రుని యవసర మెఱిగి పంపిన కానుకకు ఇంతకంటె చక్కని యుదాహరణము దొరకదు.

కొంకణతీరపు బెనె ఇశ్రాయేలీలు మరాఠీ మాతృభాషగ గల యూదులు. వారు నూనెగానుగలు త్రిప్పుచు శనివారము పని మానుటచే శనివారపు తేలీలని పేరొందిరి. వారిలో సామ్యూలు దివేకరు టిప్పు సుల్తాను చెఱనుండి బయటపడినచో సమాజమందిరము గట్టింతునని మ్రొక్కుకొని, 1796లో బొంబాయిలో మొదటి మందిరమును గట్టించెనని వారి సంప్రదాయము. వివాహము, గృహప్రవేశము, మ్రొక్కుబడి - ఏది జరిగినను వారు ఏలీయా ప్రవక్తను స్మరించుచు మలీదా సమర్పింతురు. తడిపిన అటుకులలో కొబ్బరి, చక్కెర, ఏలకులు కలిపి, పండ్లతో పళ్ళెమున నుంచి ప్రార్థించి, వచ్చినవారి కెల్ల పంచుదురు. 1948 తరువాత వారిలో అధికసంఖ్యాకులు ఇశ్రాయేలునకు వలసపోయిరి. అచ్చటికిని మలీదా వెంట బోయినది. కామాఠిపురమున తరతరములుగ నివసించిన తెలుగు కుటుంబములకు సమీపపు నాగ్‌పాడా, బైకుల్లా ప్రాంతముల యూదులు ఇరుగుపొరుగువారై యుండిరి.

మార్పు, శేషించినది

క్రీ. పూ. 164లో దేవాలయము తిరిగి శుద్ధి గావింపబడిన దానికి జ్ఞాపకముగ జరుపు హనుక్కా పండుగకు ప్రాచీనకాలమున కానుకల విధి లేదు. ఆ దీపపు వెలుగున నాణెములు లెక్కింపరాదని గూడ తల్మూదు చెప్పినది. తూర్పు యూరపున ఉపాధ్యాయులకును, పిల్లలకును నాణెము లిచ్చు వాడుక పుట్టెను. పందొమ్మిదవ శతాబ్దాంతము మొదలుకొని అమెరికాలో క్రిస్మసు పండుగ సామీప్యముచే అది బొమ్మల, బహుమతుల పండుగగ మాఱినది. ఇరుగుపొరుగు పండుగను జూచి తమ పిల్లలు చిన్నబోవుదురను భయము తల్లిదండ్రులది. అది సహజమే. కాని ఏ విధియు తోడు రాని కానుక వస్తువుగనే మిగులును. ఈ సంగతి నెఱిగి నేటి కుటుంబములు కొన్ని ఎనిమిది రాత్రులలో నొకదానిని దానమునకే కేటాయించుచున్నవి.

యూదుల యింటికి శుభకార్యమునకు బోవు అన్యులకు గూడ ఈ చరిత్ర మార్గము చూపును. నిష్ఠగల కుటుంబము విశ్రాంతి దినమున ధనమును తాకదు. కావున కానుకను శుక్రవారపు సూర్యాస్తమయమునకు ముందే పంపవలెను. వండిన పదార్థములకును, ద్రాక్షారసమునకును వారి ఆహారనియమములు అడ్డు వచ్చును. తాజాపండ్ల కడ్డు లేదు. పుస్తకము, దీపస్తంభము, గిన్నె - ఇవి యింటిలో నిలుచును.

ఈ యుదాహరణము లన్నిటియందును తేలు సత్య మొక్కటే. ఖర్జూరపు సంచి, అల్లిన బుట్ట, రాయి లేని యుంగరము, పొత్తిగుడ్డ, మలీదా పళ్ళెము - వీనిలో వెలగలవి అరుదు. అయినను రాజ్యము, కోట, సేన లేని కాలమున ఒక జాతిని జాతిగ నిలిపినవానిలో ఇవియు గలవు. పరప్రాంతమున పెరుగుచున్న బిడ్డకు తెలుగు కుటుంబము ఈయదగిన కానుక యేదను ప్రశ్నకును ఇందులో సమాధానము లేకపోలేదు. తాతపేరు కుట్టిన గుడ్డ, ఇంటిభాషలోని గ్రంథము, పండుగనాడు చేతికిచ్చి వెలిగింపజేయు దీపము - ఇట్టివి అంగటి వెలచే గాక వాడుకచే విలువ పొందును.