బుధుడి కక్ష్య, గురుత్వాకర్షణ వేగం

బుధుడు సూర్యుడికి అతి దగ్గరగా వచ్చే బిందువును పరిహేళి అంటారు. ఇతర గ్రహాల లాగుడు వల్ల అది మెల్లగా జరుగుతూ ఉంటుంది. ఫ్రాన్సు ఖగోళవేత్త లెవెరియే 1859లో ఆ జరుగుదలను లెక్కగట్టాడు. తెలిసిన గ్రహాల వాటా అంతా తీసేసినా నూరేళ్లకు 38 వికలలు మిగిలాయి. వికల అంటే డిగ్రీలో 3600వ వంతు. 1882లో అమెరికాకు చెందిన సైమన్ న్యూకోంబ్ ఆ మిగులును 43గా సవరించాడు.

1846లో నెప్ట్యూన్ ఎక్కడుందో కాగితం మీదే తేల్చిన లెవెరియే ఇక్కడా అదే దారి పట్టాడు. బుధుడికి లోపల మరో గ్రహమో, చిన్న శకలాల గుంపో ఉండాలన్నాడు. ఊహాగ్రహానికి వల్కన్ అని పేరు పెట్టారు, గ్రహణాల వేళ వెతికారు. అది దొరకలేదు. ఇక అనుమానం న్యూటన్ సూత్రం మీదికే మళ్లింది.

ఆ సూత్రంలో దూరానికి చోటుంది గానీ వేగానికి లేదు. ఆకర్షణ తక్షణమే చేరుతుందని దాని భావన. అందుకు సమయం పడితే ఏమవుతుందని ఫ్రాన్సు గణితవేత్త లాప్లాస్ 1805లోనే పరిశీలించాడు. ఆకర్షణ దిశ కొద్దిగా పక్కకు తిరిగి, కక్ష్య క్రమంగా మారిపోవాలి. చంద్రుడి గమనంలో అంత మార్పు కనబడదు కాబట్టి, గురుత్వం కాంతి కంటే కనీసం 70 లక్షల రెట్లు వేగంగా సాగాలని తేల్చాడు. గురుత్వానికి పరిమిత వేగం ఉందనే ఆలోచనకు చాలాకాలం ఈ లెక్కే అడ్డుగోడగా నిలిచింది.

దాన్ని దాటే దారి విద్యుత్ శాస్త్రం నుంచి వచ్చింది. విద్యుదావేశాల మధ్య బలం వాటి సాపేక్ష వేగం, త్వరణం మీద కూడా ఆధారపడుతుందని జర్మనీలో విల్‌హెల్మ్ వెబర్ 1846లో ప్రతిపాదించాడు. 1872లో ఫ్రాన్సు ఖగోళవేత్త టిస్సెరాన్ ఆ సూత్రాన్ని గ్రహాలకు అన్వయించాడు. అందులో కాంతి వేగాన్ని వాడితే వచ్చేది సుమారు 14 వికలలే, కావలసిన దానిలో మూడో వంతు. జర్మన్ గణితవేత్త రీమాన్ ఇచ్చిన మరో విద్యుత్ సూత్రంతో 28 వచ్చింది. 1890లో మోరిస్ లేవీ రెండింటినీ తగిన పాళ్లలో కలిపి సరైన అంకె రాబట్టాడు. కానీ ఆ పాళ్లకు ఆధారం ఆ అంకె తప్ప మరొకటి లేదు.

అసలు చిక్కు 1898లో వచ్చింది. పౌల్ గెర్బర్ అనే జర్మన్ బడిపంతులు, గురుత్వం పరిమిత వేగంతో సాగుతుందనుకుని ఒక సూత్రం ప్రచురించాడు. బుధుడి పరిహేళి జరుగుదలలోని మిగులును బట్టి లెక్కిస్తే ఆ వేగం సెకనుకు దాదాపు 3,05,000 కిలోమీటర్లని తేలింది. ఇంచుమించు కాంతి వేగమే! 1915 నవంబరు 18న ఐన్‌స్టీన్ తన సాధారణ సాపేక్షతా సిద్ధాంతం నుంచి రాబట్టిన పరిహేళి సూత్రమూ అక్షరాలా గెర్బర్ సూత్రమే. సాపేక్షతా వ్యతిరేకి అయిన జర్మన్ భౌతికవేత్త గెర్కె 1917లో గెర్బర్ వ్యాసాన్ని మళ్లీ అచ్చు వేయించాడు. ఐన్‌స్టీన్ ఆ సూత్రం సరైనదేనని ఒప్పుకున్నాడు, అయితే దాన్ని రాబట్టిన తీరు తప్పన్నాడు. జర్మన్ శాస్త్రవేత్తలు సీలిగర్, లావే కూడా విమర్శించారు. ఆ విమర్శ న్యాయమైనదే: గెర్బర్ తొలి మెట్ల నుంచి చివరి సూత్రానికి తర్కం నడవదు.

ఐన్‌స్టీన్ సిద్ధాంతంలోనూ ఆకర్షణ కాంతి వేగంతోనే సాగుతుంది. లాప్లాస్ భయపడిన పక్కలాగుడును వేగం మీద ఆధారపడే ఇతర పదాలు దాదాపు పూర్తిగా రద్దు చేస్తాయి. ఆ వేగాన్ని నేరుగా పరీక్షించే అవకాశమూ వచ్చింది: 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ తారల తాకిడి నుంచి గురుత్వ తరంగం భూమిని చేరిన సుమారు 1.7 సెకన్లకే గామా కిరణాలు వచ్చాయి. రెండూ దాదాపు 13 కోట్ల కాంతి సంవత్సరాలు ప్రయాణించి వచ్చినవే.