ఎముకలో చీము: ఆస్టియోమైలైటిస్ చరిత్ర

సూక్ష్మజీవులు ఎముకలోనూ దాని లోపలి మూలుగలోనూ చేరి చీము పట్టించే జబ్బు ఆస్టియోమైలైటిస్. ఈ పేరు 1844లో ఫ్రెంచి సర్జన్ ఒగస్ట్ నెలటన్ పెట్టాడని చెబుతారు. జబ్బు మాత్రం మనిషి కంటే పాతది. 1991లో అమెరికాలోని వయోమింగ్‌లో ‘బిగ్ ఆల్’ అనే అల్లోసారస్ డైనోసార్ అస్థిపంజరం బయటపడింది. దాదాపు 15 కోట్ల ఏళ్ల నాటి ఆ జంతువు కాలి వేలి ఎముక ఒకటి ఇన్ఫెక్షన్‌తో ఉబ్బి, వంకర్లు తిరిగి ఉంది. అది బతికున్న చివరి రోజుల్లో కుంటుతూ నడిచి ఉంటుందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

కండలో చీము పడితే ఆ చోటు వాచి, మెత్తబడి, చివరికి పగిలి చీము బయటికి వచ్చేస్తుంది. ఎముకలో ఆ వీలు లేదు. గట్టి గోడల మధ్య చీము పెరిగేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది, లోపలి సన్నని రక్తనాళాలు నొక్కుకుపోతాయి. చీము ఎముకను కప్పి ఉంచే పొర కిందికి పాకి దాన్ని లేపేస్తే, ఆ పొర నుంచి అందే రక్తమూ ఆగిపోతుంది. రక్తం అందని ముక్క చచ్చిపోతుంది. వైద్యులు దాన్ని సీక్వెస్ట్రం అంటారు. దాని చుట్టూ శరీరం కొత్త ఎముకను పెంచుకుంటూ పోతుంది గానీ, చచ్చిన ముక్కలో బాక్టీరియా బతికే ఉంటుంది. రక్తం వెళ్లని చోటికి తెల్లకణాలూ వెళ్లలేవు, మందూ వెళ్లలేదు. ఈ జబ్బుకు వైద్యం చేసినవాళ్లంతా, ఏ కాలంలోనైనా, ఏ దేశంలోనైనా, ఈ ఒక్క చిక్కుతోనే పెనుగులాడారు.

సుశ్రుతుడు దీన్ని పట్టుకున్న తీరు ఆశ్చర్యం కలిగిస్తుంది. సుశ్రుత సంహిత నిదాన స్థానంలో విద్రధుల (చీముగడ్డల) గురించి చెప్పేచోట మజ్జ, అంటే మూలుగ, పాకానికి రావడం గురించి వివరణ ఉంది. పైన ఎముక, మాంసం అడ్డుపడటం వల్ల చీముకు బయటికి దారి దొరకదనీ, రోగి నిప్పుతో కాలుతున్నట్టు బాధపడతాడనీ, చికిత్సతో ఎముకకు రంధ్రం పడినప్పుడు కొవ్వులాంటి తెల్లని జిగట చీము వస్తుందనీ అందులో ఉంది. సూక్ష్మజీవి అన్న ఊహే లేని కాలంలో, దారి దొరకని చీమే అసలు బాధ అని గుర్తించడం మామూలు పరిశీలన కాదు.

సూక్ష్మజీవి ఎముకకు మూడు దారుల్లో చేరుతుంది. మొదటిది రక్తం. చర్మం మీది చిన్న పుండు నుంచో గొంతు నుంచో బయలుదేరిన బాక్టీరియా రక్తంలో తిరిగి ఎముకలో ఆగుతుంది. ఎదిగే పిల్లల్లో ఇది ఎక్కువ. మోకాలి చుట్టుపక్కల పొడుగాటి ఎముకల చివర్లలో ఎక్కువ. ఆ చివర్లలో రక్తనాళాలు మెలిక తిరిగి వెడల్పయి, రక్తం నెమ్మదిగా కదులుతుందని, అందుకే బాక్టీరియా అక్కడ నిలదొక్కుకుంటుందని 1921లో జపాన్ పరిశోధకుడు హోబో వివరించాడు. పెద్దవాళ్లలో రక్తం ద్వారా వచ్చే ఇన్ఫెక్షన్ ఎక్కువగా వెన్నుపూసలను పడుతుంది. రెండోది పక్కనుంచి పాకే దారి: ఎముక విరిగి చర్మాన్ని చీల్చుకుని బయటికొచ్చిన గాయాలు, ఆపరేషన్లలో వేసిన రాడ్లు, ప్లేట్లు, పుచ్చిన పళ్లు. మూడోది రక్తప్రసరణ తగ్గిన కాళ్లలో, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్ల పాదాల్లో, పుండు లోతుకు దిగి ఎముకను అంటుకోవడం. నరాలు దెబ్బతిని పాదం మొద్దుబారడంతో నొప్పే తెలియదు. అరికాలి పుండు ఎముక దాకా పోయాక గానీ చాలామంది ఆస్పత్రికి రారు. తెలుగు రాష్ట్రాల్లో ఎన్నో కాళ్లు ఇలాగే పోతున్నాయి, ఇది ఆపగలిగిన నష్టం.

ఎక్కువ కేసుల్లో దోషి స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా. సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్లలో మాత్రం సాల్మొనెల్లా కూడా తరచుగా కనిపిస్తుంది. సికిల్ సెల్ బాధితులు ఎక్కువగా ఉండే మన ఏజెన్సీ ప్రాంతాల్లో వైద్యులు ఎముక నొప్పిని ఈ కోణంలోనూ చూడవలసి ఉంటుంది. ఎముకల క్షయ వేరే పెద్ద అధ్యాయం. వెన్నుపూసల క్షయను 1779లో వర్ణించిన లండన్ సర్జన్ పెర్సివల్ పాట్ పేరుతోనే ఆ జబ్బును ఇప్పటికీ పిలుస్తున్నారు.

మత్తుమందు రాకముందు ఈ జబ్బుకు వైద్యం ఎలా సాగిందో చెప్పే సంఘటన ఒకటి అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో జరిగింది. 1812-13 చలికాలంలో లెబనాన్ అనే ఊళ్లో టైఫాయిడ్ వ్యాపించింది. జ్వరం తగ్గిన ఒక ఏడేళ్ల పిల్లవాడికి కాలి ఎముకలో భరించలేని నొప్పి మొదలైంది. డాక్టర్లు కండ కోసి చీము తీశారు. కొన్నాళ్లకు నొప్పి మళ్లీ తిరగబెట్టింది. కాలు తీసేయాలన్నారు. తల్లి ఒప్పుకోలేదు, చెడిన ఎముకను మాత్రమే తీసి ఇంకొక్కసారి ప్రయత్నించమని పట్టుబట్టింది. ఆమె అదృష్టం కొద్దీ ఆ వచ్చిన డాక్టర్ డార్ట్‌మత్ వైద్య పాఠశాల స్థాపకుడు నేథన్ స్మిత్. ఎముకకు రెండువైపులా తొలిచి, చచ్చిన భాగాలను పట్టకారుతో విరిచి తీయడం ఆయన అనుభవంతో కనిపెట్టిన పద్ధతి.

పిల్లవాడు సారాయి తాగనన్నాడు, తాళ్లతో కట్టొద్దన్నాడు. నాన్న పట్టుకుంటే చాలన్నాడు, అమ్మను మాత్రం బయటికి వెళ్లిపొమ్మన్నాడు. మూడు పెద్ద ముక్కలు తీశారు. కాలు నిలిచింది. కొన్నేళ్లు చంకకర్రల మీద నడిచాడు, కొద్దిపాటి కుంటు జీవితమంతా ఉండిపోయింది. పెద్దయ్యాక మోర్మన్ మతాన్ని స్థాపించిన జోసెఫ్ స్మిత్ అతనే. డాక్టర్‌కూ అతనికీ ఇంటిపేరు కలిసిందే తప్ప చుట్టరికం లేదు. నేథన్ స్మిత్ తన పద్ధతిని 1827లో ప్రచురించాడు. అప్పటి వైద్యలోకం దాన్ని పెద్దగా అందుకోలేదు. అందుకుని ఉంటే ఎన్నో కాళ్లు మిగిలేవి.

లండన్‌లో సర్జన్ బెంజమిన్ బ్రోడీ ఈ పాఠాన్ని మరింత బాధాకరంగా నేర్చుకున్నాడు. ఏళ్ల తరబడి కాలినొప్పితో నలిగిన ఒక యువకుడి కాలు 1824లో తీసేశారు. ఆ రోగి బతకలేదు. తీసిన ఎముకను కోసి చూస్తే లోపల చీము నిండిన చిన్న గది కనిపించింది. ఒక్క రంధ్రం చేసి ఉంటే సరిపోయేదని గ్రహించిన బ్రోడీ, అవే లక్షణాలతో తర్వాత వచ్చిన రోగికి ఎముక తొలిచి చీము తీసి నయం చేశాడు. ఎముకలో ఒకచోటే గూడు కట్టుకునే ఇలాంటి చీముగడ్డకు ఆయన పేరే నిలిచింది.

కారణం ఏమిటో తేలడానికి 1880 దాకా ఆగాల్సి వచ్చింది. సెగగడ్డల్లో కనిపించిన సూక్ష్మజీవినే లూయీ పాశ్చర్ ఆ ఏడాది ఒక చిన్నారి ఎముక చీములోనూ చూశాడు. ఆస్టియోమైలైటిస్ అంటే మూలుగలో లేచిన సెగగడ్డేనని తేల్చాడు. అదే కాలంలో స్కాట్లండ్ సర్జన్ అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ చీములో గుత్తులుగా ఉండే క్రిములను గుర్తించి, 1882లో వాటికి స్టెఫైలోకాకస్ అని పేరు పెట్టాడు.

శత్రువు ఎవరో తెలిసింది గానీ చంపే మందు లేదు. పెన్సిలిన్‌కు ముందు, రక్తం ద్వారా ఉద్ధృతంగా వచ్చే ఈ జబ్బు సోకితే ఐదుగురిలో ఒకరు, కొన్నిచోట్ల నలుగురిలో ఒకరు చనిపోయేవారు. మిగిలినవాళ్లు ఏళ్ల తరబడి రసి కారే పుండ్లతో బతికేవారు. ఆ నిస్సహాయ కాలంలోనే రెండు అసాధారణ చికిత్సలు పుట్టాయి, రెండూ యుద్ధాల నుంచే. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసిన అమెరికన్ సర్జన్ విన్నెట్ ఆర్, గాయాన్ని శుభ్రం చేసి, వాజిలీన్ గుడ్డతో నింపి, పైన సిమెంటు కట్టు వేసి వారాల తరబడి ముట్టుకోకుండా వదిలేసేవాడు. దుర్వాసన భరించలేనంతగా ఉండేది, గాయం మాత్రం మానేది. స్పెయిన్ అంతర్యుద్ధంలో బార్సిలోనా సర్జన్ జోసెప్ ట్రుయెటా ఈ పద్ధతికి చచ్చిన కండను పూర్తిగా కోసేయడాన్ని జోడించాడు. 1,073 మందికి చికిత్స చేస్తే ఆరుగురే చనిపోయారు.

రెండోది పురుగుల వైద్యం. 1917లో ఫ్రాన్స్ యుద్ధరంగంలో ఏడు రోజులు దిక్కులేక పడి ఉన్న ఇద్దరు సైనికులను అమెరికన్ సర్జన్ విలియం బేర్ చూశాడు. తొడ ఎముకలు విరిగి బయటపడ్డాయి, గాయాల నిండా పురుగులు. వాటిని తీసేస్తే కింద ఎర్రటి ఆరోగ్యమైన కండ. పదేళ్ల తర్వాత బాల్టిమోర్‌లో, మొండి ఆస్టియోమైలైటిస్‌తో బాధపడే పిల్లలకు ఆయన ఈగ పురుగులతో వైద్యం మొదలుపెట్టాడు. కొందరికి ధనుర్వాతం సోకడంతో క్రిమిరహితంగా పురుగులను పెంచే పద్ధతి కనిపెట్టాడు. అవి చచ్చిన కణజాలాన్నే తింటాయి, బతికినదాన్ని వదిలేస్తాయి. 1930లలో లెడర్లె కంపెనీ వాటిని అమ్మింది కూడా. పెన్సిలిన్ వచ్చాక ఈ వైద్యం మరుగున పడి, మందులకు లొంగని పుండ్ల పుణ్యమా అని తిరిగి వచ్చింది. 2004లో అమెరికా ప్రభుత్వం దానికి అధికారికంగా అనుమతి ఇచ్చింది.

పెన్సిలిన్‌తో మరణాలు బాగా తగ్గాయి. కొద్ది ఏళ్లకే స్టెఫైలోకాకస్ దానికి అలవాటుపడింది. కొత్త మందుల వేటలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుకు పెద్ద పాత్ర ఉంది. ఒకప్పుడు పురుగులమ్మిన ఆ లెడర్లెలోనే ఆయన పరిశోధనా విభాగాన్ని నడిపిన కాలంలో, అక్కడి శాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ మట్టి నుంచి ఆరియోమైసిన్‌ను వెలికితీశాడు. 1948లో లోకానికి తెలిసిన ఆ మందే టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిది. 1961లో ఇంగ్లండ్‌లో మెథిసిలిన్ అనే మందుకూ లొంగని స్టెఫైలోకాకస్ రకం బయటపడింది. ఈ పరుగు ఇంకా సాగుతూనే ఉంది.

చచ్చిన ఎముకను తీసేశాక మిగిలే ఖాళీ మరో సమస్య. దీనికి జవాబు సైబీరియాలోని కుర్గాన్ నుంచి వచ్చింది. అక్కడి సర్జన్ గావ్రిల్ ఇలిజరోవ్ 1950లలో ఎముకకు బయటినుంచి ఉక్కు రింగులు బిగించి, ఎముకను రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున జరుపుతూ కొత్త ఎముకను పుట్టించాడు. ఇటలీ పర్వతారోహకుడు కార్లో మౌరి ఏళ్లుగా మానని కాలితో 1980లో కుర్గాన్ వెళ్లి బాగుపడి వచ్చాకే పశ్చిమ ఐరోపా కళ్లు తెరిచింది.

ఎముకను పట్టేది బాక్టీరియా ఒక్కటే కాదు, బూజు కూడా. 2021లో కోవిడ్ రెండో అలతో పాటు బ్లాక్ ఫంగస్ వచ్చింది. షుగర్, స్టెరాయిడ్లు తోడై మ్యూకర్ బూజు ముక్కు గదుల నుంచి పై దవడ ఎముకలోకి పాకింది. రక్తనాళాలను మూసేసి ఎముకను చంపడం దాని స్వభావం. ఆ మే నెలలో తెలంగాణ ప్రభుత్వం దాన్ని తప్పనిసరిగా నివేదించాల్సిన జబ్బుగా ప్రకటించింది. కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి రోగులతో నిండిపోయింది. బూజును చంపే ఆంఫోటెరిసిన్ మందు ఎక్కించినా, కుళ్లిన దవడను తీయక తప్పలేదు.

పిల్లల విషయంలో తొందర ముఖ్యం. జ్వరంతో పాటు కాలు కదపనివ్వని నొప్పి ఉంటే ఆడుకుంటూ తగిలిన దెబ్బ అనుకుని ఊరుకోకూడదు. ఎక్స్‌రేలో మార్పు కనబడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది; ఎంఆర్‌ఐ మొదటి రోజుల్లోనే పట్టేస్తుంది. చీమునో ఎముక ముక్కనో పరీక్షకు పంపి, క్రిమి ఏదో తెలుసుకుని మందు ఎంచుకోవడం సరైన పద్ధతి. పెద్దల్లో ఆరు వారాలు నరం ద్వారానే మందు ఎక్కించాలన్నది చాలాకాలం తిరుగులేని నియమం. 2019లో వెలువడిన బ్రిటన్ అధ్యయనం దాన్ని కదిలించింది. 1,054 మంది రోగుల్లో మాత్రలు వాడినవారిలో 13.2 శాతం మందికి, నరం ద్వారా మందు తీసుకున్నవారిలో 14.6 శాతం మందికి చికిత్స విఫలమైంది. అంటే సరైన మాత్ర దొరికితే రోగి వారాల తరబడి సెలైన్ సీసా పక్కన ఉండనక్కర్లేదు. ఆ రోగుల్లో అత్యధికులకు మందుతో పాటు ఆపరేషన్ కూడా జరిగింది.