చీమల ఇంట పెంకుపురుగుల చుట్టరికం

చీమలతో కలిసి వాటి గూళ్లలోనే బతికే ఇతర కీటకాలను శాస్త్రజ్ఞులు ‘మిర్మికోఫైల్స్’, అంటే చీమల సహవాసులు, అని పిలుస్తారు. వాటిలో పెంకుపురుగులదే పెద్ద సంఖ్య. ఈ సహవాసంపై వెలువడిన తొలి నిశిత పరిశీలనల్లో జర్మన్ మతగురువు ముల్లర్ 1818లో ప్రచురించినది ఒకటి. ఆయన గమనించిన క్లావిజర్ అనే పురుగు సుమారు 2 మిల్లీమీటర్ల పొడవుతో, ఎరుపు కలిసిన పసుపు రంగులో, కళ్లు లేకుండా ఉంటుంది. చీమ దాని వీపు మీది పసుపు నూగు కుచ్చులను నాకుతుంది. తన కడుపులో నిలవ చేసుకున్న ద్రవాహారాన్ని బొట్టుగా కక్కి, తల్లి గోరుముద్ద పెట్టినట్టు, దాని నోటికి అందిస్తుంది.

జెసూట్ మతగురువు ఎరిక్ వాస్మాన్ 1894లో ఇటువంటి జీవులను 1,200కు పైగా జాబితాకెక్కించి, చీమలు తరిమేవి, పట్టించుకోనివి, ఆప్తంగా సాకేవి అని వాటి ఆదరణను బట్టి విభజించాడు. అతిథులను సాకడానికి చీమల్లో ప్రత్యేకమైన సహజప్రవృత్తి ఉందని ఆయన వాదించగా, అమెరికన్ శాస్త్రజ్ఞుడు విలియం మోర్టన్ వీలర్ దాన్ని అంగీకరించక, పిల్లలను సాకే గుణమే అతిథులకూ విస్తరించిందని భావించాడు. నోటి నుంచి నోటికి జరిగే ఈ ఆహార వినిమయానికి ‘ట్రోఫలాక్సిస్’ అని 1918లో పేరు పెట్టినదీ వీలరే. ఆ తరువాత బెర్ట్ హోల్‌డోబ్లర్, కొన్ని పెంకుపురుగులు తమ గ్రంథుల స్రావాలతో చీమలను శాంతింపజేసి గూటిలో చోటు సంపాదిస్తాయని ప్రయోగాలతో చూపాడు. ఇంతటి శ్రద్ధగల పరిశీలకులకు కూడా, ఒకే గూటిలో తిండీ స్పర్శా పంచుకునే జీవుల మధ్య ఇంకేమి చేతులు మారుతుందో చూసే సాధనం అప్పట్లో లేకపోయింది.

ఆ సాధనం బాక్టీరియాలను వాటి జన్యువుల ద్వారా గుర్తుపట్టే పద్ధతి రూపంలో వచ్చింది. అమెరికా ఖండపు ఉష్ణమండల అడవుల్లో తిరిగే ఎసిటన్ బర్చెల్లై అనే దండు చీమలు పుట్ట కట్టవు; ఒకదాని కాళ్లు ఒకటి పట్టుకుని తమ దేహాలతోనే గూడు అల్లుతాయి. వాటిని ఆశ్రయించిన జీవజాతులు 300కు పైమాటే. ఈ చీమలలోని బాక్టీరియాలను, వాటితో మెలిగే 13 జాతుల పెంకుపురుగుల బాక్టీరియాలతో పోల్చిన అధ్యయనం 2023లో వెలువడింది. పని చీమలకు ప్రత్యేకమైన బాక్టీరియాలు పురుగుల్లో చాలావరకు కనిపించలేదు. పోలిక కుదిరింది చీమల డింభకాలతో, అంటే ఇంకా కాళ్లు రాని పిల్లపురుగులతో. రికెట్సియా, వోల్బాకియా, వైసెల్లా వంటి బాక్టీరియాల ఒకే జన్యురూపం డింభకాల్లోనూ వేర్వేరు జాతుల పెంకుపురుగుల్లోనూ తరచుగా బయటపడింది. అతిథి స్థానం పిల్లల పక్కనే అన్న వీలర్ ఊహ ఇక్కడ గుర్తుకు రాక మానదు. అయితే ఆయన చెప్పింది నడవడిక గురించి, ఇది దేహంలోని కాపురం గురించి. పైగా ఈ వైసెల్లా గూటి గడప లోపలే ఉండిపోయేదీ కాదు: దానికి దగ్గరి బంధువులు చన్నీటి ట్రౌట్ చేపల్లోనూ, సముద్రంలోని తిమింగలాల్లోనూ కనిపించాయి.