‘ఇతరాలు’ అనే పద్దు

మన పొదుపు సంఘాలు ఎట్టా పుట్టాయో ఈ ఏడాది నివేదికలో రాయమని సమాఖ్య సమావేశంలో నాకు అప్పజెప్పారు. నేను పదో తరగతి వరకే చదివాను. చదివి తెలుసుకున్నది కొంత, మా అమ్మ చెప్పింది కొంత కలిపి రాస్తా ఉన్నాను. ముందు మా ఇంట్లో పెళ్ళి గొడవ చెప్తాను. ఎందుకంటే ఈ చరిత్ర నాకు ఆ రోజే బాగా అర్థమయింది.

పోయిన వేసవిలో మా తమ్ముడికి పెళ్ళి కుదిరింది. ఖర్చుల పట్టీ వాడే రాశాడు. బట్టలు, షామియానా, వంటవాళ్ళు, మేళం అన్నీ అయ్యాక చివర్న ‘ఇతరాలు 35,000’ అని ఉంది. మా అమ్మ ఆ కాగితం తీసుకుని వేలు పెట్టి కూడబలుక్కుంటా చదివింది. ‘‘ఇతరాలంటే ఏందిరా?’’ అని అడిగింది. తమ్ముడు మాట్లాడలేదు. మా చిన్నాయనే చెప్పాడు: ‘‘ఏముంది వదినా, మందు. వచ్చినోళ్ళకి పొయ్యకపోతే నలుగురిలో పరువు ఏం కావాలి? తాతల నాటి నుంచీ ఉండేదే గదా.’’

ఆ పెళ్ళికి డబ్బు నా పేరు మీద సంఘంలో తీసిన అప్పే. నేను కట్టలేకపోతే మిగతా తొమ్మిదిమంది మీద పడుతుంది. ఆ మాట నేను అనబోతుంటే అమ్మ ఆపింది. ‘‘నేనుండగా ఈ పద్దు ఈ ఇంట్లో పడదు’’ అంది.

అమ్మకు ఆ పట్టీ చదవను వచ్చిందంటే దానికి ఒక కారణం ఉంది. 1990 తర్వాత మన నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. పగలంతా కూలికి పోయిన ఆడవాళ్ళు రాత్రిపూట పలకలు పట్టుకున్నారు. వాళ్ళ వాచకంలో ‘సీతమ్మ కథ’ అని ఒక పాఠం ఉండేది. అది సారా మీద తిరగబడిన ఆడవాళ్ళ కథ. ఆ రోజుల్లో సారా దుకాణాలకు ప్రభుత్వమే వేలం పాట పెట్టేది. సారా ప్యాకెట్లలో వచ్చేది. మంచినీళ్ళు లేని పల్లెకు కూడా ప్యాకెట్టు చేరేది. మగవాళ్ళ కూలి డబ్బు ఇంటికి రాకముందే అయిపోయేది.

కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ ముందుండి, ఆడవాళ్ళంతా కలిసి ఊళ్ళోకి సారా రాకుండా అడ్డుకున్నారు. 1992లో అది జిల్లా అంతా పాకింది. వేలం పాటలు జరగనియ్యకుండా ఆడవాళ్ళు వెళ్ళి కూర్చున్నారు. మా ఊళ్ళో కూడా దుకాణం ముందు ప్యాకెట్లు చించి నేల మీద పోశారంట. నాకప్పుడు నాలుగేళ్ళు, అమ్మ చంకలో ఉన్నానంట. నాకు గుర్తు లేదు గానీ ఆ వాసన అమ్మకు ఇంకా గుర్తే.

1993 ఏప్రిల్‌లో ముందు మన జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఎన్.టి. రామారావు గారు మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యాక 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు. 1997లో దాన్ని ఎత్తేశారు. బ్రాందీ, విస్కీ మళ్ళీ వచ్చాయి. కానీ ఆ ఆడవాళ్ళు చెదిరిపోలేదు. రోజుకు రూపాయి చొప్పున దాచుకున్నారు. సారాకు పోకుండా మిగిలిన ఆ రూపాయే మన పొదుపుకు మొదలు. మనం ఈరోజు బ్యాంకు మేనేజరు ఎదురుగా కుర్చీలో కూర్చుంటున్నామంటే అది వాళ్ళ చలవే.

మళ్ళీ చిన్నాయన మాటకొస్తాను. తాతల నాటి నుంచీ ఉందనేది పూర్తిగా అబద్ధం కాదు. అమ్మే ఒప్పుకుంది. ‘‘నా పెళ్ళిలో కల్లు కుండ వచ్చింది. తాటితోపులోంచి వచ్చింది, అప్పులోంచి రాలా. మరి నీ పెళ్ళి 96లో గదా నాయనా? నిషేధం రోజులు. పందిట్లో చుక్క లేదు. నీ పరువు ఏమన్నా పోయిందా?’’ అంది. చిన్నాయన, ‘‘చాటుగా తెచ్చుకున్నోళ్ళు తెచ్చుకున్నారులే’’ అన్నాడు గానీ తర్వాత మాట రాలేదు. తమ్ముడు పెన్ను తీసుకుని ఆ పద్దు కొట్టేశాడు.

అంతా మంచిగా అయిందని రాయను. పెళ్ళినాడు చిన్నాయన తన డబ్బుతోనే మోటారు షెడ్డు దగ్గర కొంతమందికి పోయించాడు. ఇద్దరు తాగొచ్చి ఊరేగింపులో గొడవ చేశారు. తర్వాత మూడు నెలలు ఆయన మా గడప తొక్కలేదు. ఇప్పుడు వస్తున్నాడు, మునుపటిలా కూర్చోడు. అమ్మకు ఆ బాధ ఉంది. కానీ ఆ 35,000 మా అప్పులో లేదు. నేను ఒక్క కంతు కూడా తప్పలేదు.

ఆ తర్వాత మా సంఘంలో ఒక తీర్మానం రాసుకున్నాం. పెళ్ళికి అప్పు అడిగిన వాళ్ళు ఖర్చుల పట్టీ తేవాలి. సమావేశంలో అందరి ముందు పద్దు పద్దుగా చదవాలి. ‘ఇతరాలు’ అని ఉంటే ఏమిటో చెప్పాలి. మొదట్లో ఇద్దరు అక్కలకు కోపం వచ్చింది. వాళ్ళలో ఒకామె తర్వాత నాతో, ‘‘ఇంట్లో నేను అనలేని మాట సంఘం పేరు చెప్పి అన్నానే’’ అంది.

మీ ఊళ్ళో కూడా 1992లో దుకాణం ముందు నిలబడ్డ అవ్వలు ఉంటారు. వాళ్ళు ఉండగానే అడగండి. చెప్పింది మినిట్స్ పుస్తకంలో చివరి పేజీలోనైనా రాసి పెట్టండి.